ప్రొవిజనల్ పేటెంట్ వేయాలా, ఆగాలా?

పలాసలో జీడిపిక్కలు కోసే పెడల్ మిషన్‌ను మెరుగుపరిచిన మెకానిక్ అయినా, రాజాంలోనో టెక్కలిలోనో ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు ముగించిన విద్యార్థి అయినా, ముందుగా వినే సలహా ఒకటే: "ముందో ప్రొవిజనల్ పడెయ్యండి, పదహారొందలే కదా!" ఇందులో సగం నిజం. ఫీజు నిజంగానే తక్కువ. కానీ ఆ పదహారొందలకు మీకు దక్కేది పేటెంటు కాదు, ఒక తేదీ. ఆ తేదీ కూడా మీరు కాగితం మీద రాసినంత మేరకే మీది. రాయకుండా వదిలేసినదానికి అది వర్తించదు. వేయాలా, ఆగాలా అనే నిర్ణయమంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

చట్టం ప్రకారం "ప్రొవిజనల్ పేటెంట్" అనే వస్తువే లేదు. పేటెంట్ల చట్టం, 1970లోని 9వ సెక్షన్ కింద పేటెంటు దరఖాస్తుతో పాటు పూర్తి వివరణకు బదులు తాత్కాలిక వివరణ ఇవ్వొచ్చు. దాన్నే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ అంటారు. ఇచ్చిన రోజు నుంచి 12 నెలల్లోగా పూర్తి వివరణ దాఖలు చేయాలి. లేకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. ఈ గడువు పొడిగించమని అడగడానికి ఫారం లేదు, అపరాధ రుసుము కట్టి దాటే వీలూ లేదు. ఆ ఏడాదిలో మీ కాగితాన్ని ఎవరూ పరీక్షించరు. కొత్తదా, పాతదా అని ఎవరూ చూడరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయానికి వెళ్తాయి. దరఖాస్తు వేయగానే 12 అంకెల నంబరు వస్తుంది. మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, ఆ తర్వాత వచ్చే '4' అనే అంకె చెన్నైకి గుర్తు. ఆ నంబరు రశీదు మాత్రమే. మీ ఆవిష్కరణను ప్రభుత్వం ఒప్పుకుందని దాని అర్థం కాదు.

ఫీజు సంగతి ముందే తేల్చేసుకుంటే మంచిది, ఎందుకంటే నిర్ణయంలో దానికి పెద్ద పాత్ర లేదు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు, మిగతా కంపెనీలకు 8,000. కాగితాల రూపంలో ఇస్తే సుమారు పది శాతం ఎక్కువ. 12 నెలల్లోగా పూర్తి వివరణ ఇచ్చేటప్పుడు 30 పేజీలు, 10 క్లెయిమ్‌ల (మీరు దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాల) వరకు మళ్లీ ఫీజు ఉండదు. అది దాటితే వ్యక్తులకు పేజీకి 160, క్లెయిమ్‌కు 320. అంటే ప్రభుత్వ ఫీజు లెక్కన ప్రొవిజనల్ వేసినా, నేరుగా పూర్తి వివరణ వేసినా ఒకటే. తేడా వచ్చేది దరఖాస్తు రాసిపెట్టే పేటెంటు ఏజెంటు ఫీజులో. అది రెండుసార్లు పడుతుంది. వ్యక్తిగా వేసుకునేవారికి ఏజెంటు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో వేయాలంటే డిజిటల్ సంతకం మాత్రం కావాలి.

రాసినంత మేరకే

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. జీడిపిక్కను ఆవిరి పట్టి ఆరబెట్టాక రెండు కత్తుల మధ్య ఉంచి, కాలితో పెడల్ తొక్కి, చేత్తో లివర్ తిప్పి తొక్కను విడదీస్తారు. పిక్కలన్నీ ఒకే సైజులో ఉండవు. కత్తి ఎక్కువ లోతుకు దిగితే పప్పు తెగి బద్ద అవుతుంది. విరగని గుండుకు వచ్చే ధర బద్దకు రాదు. పైగా తొక్కలోని నూనె చేతులను కాలుస్తుంది. కత్తి పట్టుకునే హోల్డర్‌కు స్ప్రింగుతో ఒక స్టాపర్ బిగించి, పిక్క మందాన్ని బట్టి కత్తి దిగే లోతు దానంతటదే సరిపోయేలా ఒకరు మార్పు చేశారనుకుందాం.

ఆయన హడావుడిగా రాయించిన ప్రొవిజనల్ సాధారణంగా ఇలా ఉంటుంది: "అన్ని సైజుల జీడిపిక్కలను పప్పు విరగకుండా, కార్మికుల చేతులకు నూనె అంటకుండా కోసే మెరుగైన యంత్రం." చదవడానికి బాగానే ఉంది. కానీ ఇందులో ఉన్నదంతా ఫలితమే. ఆ ఫలితం ఎలా వస్తుందో ఒక్క ముక్క లేదు. స్ప్రింగు లేదు, స్టాపర్ లేదు, లోతు లేదు. పదకొండు నెలల తర్వాత పూర్తి వివరణలో "స్ప్రింగు స్టాపర్ ఉన్న కత్తి హోల్డర్" మీద హక్కు కోరితే, ఆ క్లెయిమ్‌కు ప్రొవిజనల్ తేదీ రాదు. పూర్తి వివరణ ఇచ్చిన తేదీయే వస్తుంది. 11వ సెక్షన్ అడిగేది ఇదే: క్లెయిమ్‌లో కోరినదానికి ప్రొవిజనల్‌లో సరైన ఆధారం ఉండాలి.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. ప్రొవిజనల్ వేసేశామన్న ధైర్యంతో ఆయన మధ్యలో యంత్రాన్ని కాశీబుగ్గలో నలుగురికీ చూపించారు, రెండు పరిశ్రమలకు అమ్మారు, వీడియో కూడా పెట్టారు. ప్రొవిజనల్‌లో వివరించిన విషయం ఆ తర్వాత బయటపడినా, వాడకంలోకి వచ్చినా నష్టం లేదని 33వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ రక్షణ వివరించినదానికే. స్టాపర్ సంగతి రాయలేదు కాబట్టి, ఆయన పెట్టిన వీడియోయే ఆయన క్లెయిమ్‌ను కొట్టేస్తుంది. పలచగా రాసిన ప్రొవిజనల్ కన్నా అసలు వేయకపోవడమే నయమనడానికి కారణం ఇదే. వేయనివాడు కనీసం నోరు కట్టుకుని ఉంటాడు.

మరి ఏం రాయాలి? కత్తుల ఆకారం, ఒకదానికొకటి ఏ కోణంలో ఉంటాయి, స్టాపర్ కత్తి అంచుకు ఎంత దూరంలో ఉంటుంది, స్ప్రింగు ఏ రెండు భాగాల మధ్య కూర్చుంటుంది, లావు పిక్క పడితే ఏ భాగం ఎటు కదులుతుంది, సన్న పిక్క పడితే ఏమవుతుంది అనేవి వరుసగా రాయాలి. కొలతలను ఒకే అంకెగా కాకుండా హద్దులుగా ఇవ్వాలి: ఇంత నుంచి ఇంత మిల్లీమీటర్ల వరకు, అందులో ఫలానా కొలత దగ్గర బాగా పనిచేసింది అని. ఆ తర్వాత ప్రత్యామ్నాయాలు. స్ప్రింగు బదులు రబ్బరు బుష్, బరువు, కామ్. పెడల్ బదులు మోటారు, గాలి సిలిండర్. వీటిని మీరు తయారు చేసి చూడకపోయినా, పనిచేస్తాయని సాంకేతికంగా తెలిసి, ఎలా అమర్చాలో చెప్పగలిగితే రాయండి. ఎందుకంటే మీ యంత్రాన్ని చూసిన పక్క షాపువాడు ముందుగా చేసేది స్ప్రింగు తీసి రబ్బరు పెట్టడమే.

బొమ్మలు కనీసం మూడు ఉంటే మేలు: మొత్తం యంత్రం, కత్తి హోల్డర్ విడి భాగాలు, లావు పిక్కకూ సన్న పిక్కకూ స్టాపర్ ఉండే రెండు స్థితులు. ఏ4 కాగితం మీద గీతల బొమ్మలుగా ఉండాలి. ప్రతి భాగానికీ ఒక నంబరు ఇచ్చి, వివరణలోనూ అదే నంబరు వాడాలి. బొమ్మలో 14 అని ఉండి, వివరణలో 14 అనేదే లేకపోవడం తరచుగా కనిపించే పొరపాటు. ప్రొవిజనల్‌కు క్లెయిమ్‌లు అక్కర్లేదు. అయినా నాలుగైదు రాసి చూసుకోండి. క్లెయిమ్‌లో వాడాల్సి వచ్చిన ప్రతి మాటా వివరణలో ఉందో లేదో అప్పుడే బయటపడుతుంది. శీర్షిక 15 మాటలు మించకూడదు.

భాష సంగతి మనవాళ్లకు మరీ ముఖ్యం. దరఖాస్తు ఇంగ్లిషులోగానీ హిందీలోగానీ ఉండాలి, తెలుగులో తీసుకోరు. అందుకని చాలామంది ఏజెంటుకు ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి వదిలేస్తారు. అలా కాకుండా ముందు అంతా తెలుగులో, షాపులో మాట్లాడుకునే మాటల్లోనే వివరంగా రాయండి. అనువాదం చేసేవారికి యంత్రాన్ని, కనీసం అది నడుస్తున్న వీడియోను చూపించండి. ఇంగ్లిషు ప్రతి వచ్చాక పేరాపేరా చదివించుకుని, మీరు చెప్పిన కదలికే అందులో ఉందో లేదో సరిచూసుకోండి. సంతకం మీది, తేదీ మీది, తప్పు దొర్లితే నష్టమూ మీదే.

ఎప్పుడు వేయాలి

పని జరిగే తీరు తేలిపోయింది, కొలతలు, మెటీరియల్ ఇంకా తేలలేదు, ఈలోగా దాన్ని బయటపెట్టక తప్పని సందర్భం వస్తోంది. ప్రొవిజనల్‌కు సరైన చోటు ఇదే. ఆ సందర్భం కాలేజీ టెక్ ఫెస్ట్ కావచ్చు, జర్నల్ పేపరు కావచ్చు, పెట్టుబడిదారుతో సమావేశం కావచ్చు, రైతు పొలంలో ప్రయోగం కావచ్చు. మన దేశంలో ఎవరు ముందు దరఖాస్తు వేస్తే వారికే ప్రాధాన్యం. వేయకముందే బయటపెడితే, అమెరికాలోలా ఏడాది పాటు అందరికీ వర్తించే మినహాయింపు ఇక్కడ లేదు. 31వ సెక్షన్‌లో ఉన్న మినహాయింపు చాలా ఇరుకైనది: కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలు, పండిత సంఘాల ముందు చదివిన పత్రాలు వంటివి, అదీ 12 నెలల్లోపు దరఖాస్తు వేస్తేనే. 2024 నిబంధనల తర్వాత దాన్ని కోరడానికి ఫారం 31 ఇవ్వాలి. జిల్లా సైన్స్ ఫెయిర్‌నో, యూట్యూబ్ వీడియోనో, కాలేజీ వార్షికోత్సవ స్టాలునో నమ్ముకుని ఈ మినహాయింపు మీద లెక్క వేసుకోవద్దు.

వ్యవసాయ పరికరాల వారికి 32వ సెక్షన్ కొంత ఊరట. చోళ్లు (రాగులు) నూర్చే యంత్రాన్నో, గోగు నార తీసే యంత్రాన్నో నాలుగు గోడల మధ్య పరీక్షించలేం. వస్తువు స్వభావాన్ని బట్టి బహిరంగంగా పరీక్షించక తప్పకపోతే, దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు సహేతుకమైన పరీక్ష కోసమే అలా నడిపితే అది అడ్డు కాదు. కానీ అది పరీక్షేనని మీరు చూపించగలగాలి. ఆ రోజు కూలి తీసుకుని నాలుగెకరాలు నూర్చిపెట్టి ఉంటే దాన్ని పరీక్ష అనడం కష్టం. ముందు రోజు ప్రొవిజనల్ వేసేస్తే ఈ వాదనే రాదు.

లేత్ షాపు, వెల్డింగ్ షాపు సంగతి వేరు. రహస్యంగా ఉంచాలన్న షరతు మీద ఒకరికి చెప్పడం బహిరంగం చేయడం కాదు. నమూనా చేయించేటప్పుడు ఒక పేజీ ఒప్పందం రాయించుకోండి. అది మొహమాటంగా అనిపిస్తే కత్తి హోల్డర్ ఒక షాపులో, ఫ్రేము ఇంకో షాపులో చేయించి బిగింపు మీరే చేసుకోవచ్చు.

ఎప్పుడు ఆగాలి

ఫలితం తెలిసి దారి తెలియనప్పుడు ఆగాలి. "కొబ్బరి చెట్టు ఎక్కే రోబో" అనేది కోరిక, ఆవిష్కరణ కాదు. ఉద్దానంలో ఆ అవసరం ఎంత ఉన్నా, మొవ్వు దగ్గర మట్టల మధ్య అది ఎలా నిలబడుతుందో చెప్పలేనప్పుడు రాయడానికి ఏమీ ఉండదు.

పరీక్షలకు ఏడాది కన్నా ఎక్కువ పట్టేలా ఉండి, ఈలోగా బయటపెట్టే పని లేకపోతే కూడా ఆగడమే నయం. ప్రొవిజనల్ వేసిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. రెండు సీజన్లు చూస్తేగానీ తేలని పంట యంత్రానికి మొదటి సీజన్ ముందే వేస్తే, రెండో సీజన్ ఫలితాలు రాకముందే గడువు ముగుస్తుంది. అయితే పోటీదారు అదే దారిలో ఉన్నాడని గట్టి అనుమానం ఉంటే ఈ లెక్క మారుతుంది. అప్పుడు తేదీకే విలువ ఎక్కువ.

అన్నీ తేలిపోయి ఉంటే ప్రొవిజనల్ వేయడం అనవసర ఆలస్యం. నేరుగా పూర్తి వివరణ వేయండి. మన దేశంలో పేటెంటు గడువు 20 ఏళ్లను దరఖాస్తు తేదీ నుంచి లెక్కిస్తారు. ప్రొవిజనల్‌తో మొదలుపెడితే ఆ తేదీ నుంచే. ప్రొవిజనల్ ఏడాది ఆ ఇరవైలోదే. పెడల్ మిషన్‌కు అది పెద్ద విషయం కాదు. పైడిభీమవరంలోని మందుల కంపెనీలకు మాత్రం చివరి ఏడాదే చాలా ఖరీదైనది.

చట్టం మొదటే కాదనే వాటికి ఖర్చు దండగ. 3వ సెక్షన్ ప్రకారం సాగు పద్ధతులకు, సంప్రదాయ జ్ఞానానికి, గణిత పద్ధతులకు, వ్యాపార పద్ధతులకు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాములకు పేటెంటు రాదు. వేప, కానుగ కషాయాల కలయికతో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తెలిసిన రెండు పరికరాలను పక్కపక్కన బిగించి, ఎవరి పని వారు చేసుకునేలా పెట్టినా రాదు. చోళ్లు నూర్చే యంత్రానికి జల్లెడ తగిలిస్తే చాలదు. జల్లెడ కదలిక నూర్పిడిని కొత్త రకంగా మార్చిందని చూపాలి. ఇక లోపల జరిగే ప్రక్రియ బయటివారికి ఎప్పటికీ తెలిసే వీలు లేకపోతే, ఉదాహరణకు బోర్మా అనే వేడి గదిలో పప్పు ఆరబెట్టే వేడి, సమయాల క్రమం, రహస్యంగా ఉంచుకోవడమే లాభం కావచ్చు. పేటెంటు దరఖాస్తు చివరికి అందరూ చదివే కాగితమే.

ఇవన్నీ ఆలోచించే ముందు ఒక పూట వెతకండి. పేటెంటు కార్యాలయం వెబ్‌సైట్‌లోని శోధనలో, గూగుల్ పేటెంట్స్‌లో, ఎస్పాస్‌నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. మాటలతోనే కాకుండా వర్గీకరణ సంకేతంతోనూ వెతకాలి. గింజల తొక్క తీసే, పగలగొట్టే యంత్రాలు ఏ23ఎన్ 5/00 కింద ఉంటాయి. వియత్నాం, బ్రెజిల్ నుంచి వచ్చిన జీడి యంత్రాలు కూడా అక్కడే దొరుకుతాయి. మీ స్టాపర్ అప్పటికే ఉంటే అక్కడితో ఆగిపోవచ్చు. కొద్దిగా తేడాతో ఉంటే, ఆ తేడానే ప్రొవిజనల్‌లో అన్నిటికన్నా వివరంగా రాయాలి.

ఆ పన్నెండు నెలలు

వేసిన మరుసటి రోజు నుంచి చేసిన ప్రతి మార్పుకూ తేదీ వేసి పుస్తకంలో రాయండి. ముఖ్యమైన కొత్త అంశం దొరికితే పూర్తి వివరణ దాకా ఆగకుండా రెండో ప్రొవిజనల్ వేయొచ్చు. రెండూ ఒకే ఆవిష్కరణకు సంబంధించినవైతే ఒకే పూర్తి వివరణలో కలపొచ్చు. గడువు మాత్రం మొదటిదాని నుంచే లెక్క. తొమ్మిదో నెలలో కూర్చుని తేల్చుకోవాలి: పూర్తి వివరణ వేస్తున్నామా, విదేశాల్లో కూడా వేస్తున్నామా. విదేశీ దరఖాస్తుకూ, పీసీటీకీ (ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో పేటెంటు కోరే అంతర్జాతీయ పద్ధతికీ) గడువు అదే 12 నెలలు. భారత్‌లో నివసించేవారు ఇక్కడ వేసి ఆరు వారాలు గడవకుండా బయట వేయకూడదు. అంతకన్నా ముందు వేయాలంటే 39వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి.

పన్నెండో నెల దగ్గరపడినా పని తేలకపోతే మూడు దారులున్నాయి. ఉన్నంతవరకు పూర్తి వివరణ వేసేయడం ఒకటి. గడువు ముగిసేలోపు 17వ సెక్షన్ కింద దరఖాస్తు తేదీని ఆరు నెలలు మించని తర్వాతి తేదీకి మార్చమని అడగడం రెండోది. అప్పుడు పాత తేదీ పోతుంది. పాత తేదీకీ కొత్త తేదీకీ మధ్య ఎక్కడా చూపించకపోయి ఉంటేనే ఇది క్షేమం. మూడోది వదిలేయడం. పూర్తి వివరణ ఇవ్వక రద్దయిన ప్రొవిజనల్‌ను ప్రచురించరు, కాబట్టి రహస్యం రహస్యంగానే ఉంటుంది. ఎక్కడా బయటపెట్టకపోతే మళ్లీ కొత్తగా వేసుకోవచ్చు. కానీ మధ్యలో ఇంకొకరు వేసి ఉంటే వారే ముందు.

పూర్తి వివరణతో పని అయిపోదు. మొదటి తేదీ నుంచి 18 నెలలకు దరఖాస్తు ప్రచురితమవుతుంది. త్వరగా కావాలంటే ఫారం 9, వ్యక్తులకు 2,500. పరీక్షించమని ఫారం 18లో మనమే అడగాలి, వ్యక్తులకు 4,000. 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకు ఈ గడువు మొదటి తేదీ నుంచి 31 నెలలు. పాత వ్యాసాల్లో 48 నెలలని ఉంటుంది, దాన్ని నమ్మి కూర్చుంటే దరఖాస్తు పోతుంది. మహిళా దరఖాస్తుదారు, చిన్న సంస్థ, స్టార్టప్ ఉంటే ఫారం 18ఏతో వేగంగా పరీక్షించమని కోరొచ్చు, ఫీజు 8,000.

కాలేజీల్లో ఇంకో చిక్కు ఉంది. "పేటెంటు పబ్లిష్ అయింది" అని ఫ్లెక్సీలు కడతారు. ప్రచురణ అంటే మంజూరు కాదు. మంజూరు కాకుండా ఎవరి మీదా దావా వేయలేం. అంతకన్నా ముఖ్యం, పేర్లు. ఆలోచన ఇచ్చినవారే ఆవిష్కర్తలు. గైడ్ అనో, ప్రిన్సిపాల్ అనో పేరు చేర్చడం, పని చేసిన విద్యార్థి పేరు తీసేయడం రెండూ తర్వాత పేటెంటును చెల్లకుండా చేయగలవు. కాలేజీ పేరు మీద వేస్తే విద్యార్థుల నుంచి హక్కు బదిలీ పత్రం ఉండాలి. దరఖాస్తు నాటికి లేకపోతే ఆరు నెలల్లో ఇవ్వాలి. కోర్సు ముగిసి హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయాక ఆ సంతకాల కోసం వెతుక్కోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అందుకే దరఖాస్తు రోజే తీసుకోండి.

ప్రొవిజనల్ వేశాక యంత్రం మీద "పేటెంట్ దరఖాస్తు పెండింగ్‌లో ఉంది" అని రాసుకోవచ్చు. "పేటెంటెడ్" అని మాత్రం రాయకూడదు. మంజూరు కాని పేటెంటు ఉన్నట్టు చెప్పుకుంటే 120వ సెక్షన్ కింద పది లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. దరఖాస్తు రద్దయిన రోజు నుంచి "పెండింగ్" అన్న ముద్ర కూడా తీసేయాలి. పాత స్టిక్కర్లు మిగిలాయని అంటిస్తూ పోవద్దు.

చదువు, సంస్థ అండ లేని గ్రామీణ ఆవిష్కర్తలకు గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆవిష్కరణను పరిశీలించి, తగినదైతే పేటెంటు దాఖలుకు సాయం చేస్తుంది. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు కేంద్రం పెట్టిన పథకంలో ఏజెంటు ఫీజును ప్రభుత్వమే భరిస్తుంది. దరఖాస్తుదారు చట్టబద్ధమైన ప్రభుత్వ ఫీజులు కట్టుకుంటే చాలు. ఎవరి సాయం తీసుకున్నా, దాఖలు చేసే ముందు తుది ప్రతి మీ చేతికి ఇవ్వమని అడగండి. ఈ యంత్రాన్ని ఎప్పుడూ చూడని, మీకు నమ్మకమైన ఫిట్టర్‌కు రహస్య ఒప్పందం మీద దాన్ని చదివి వినిపించండి. ఆయన మిమ్మల్ని ఇంకేమీ అడగకుండా కత్తి హోల్డర్ బొమ్మ గీయగలిగితే వేసేయండి. ఎక్కడైనా ఆగి "ఇది దేనికి బిగుస్తుంది?" అని అడిగితే, ఆ జవాబు వివరణలో చేర్చాకే వేయండి.